పదకొండు గంటల హిందీ

నేను ఎలక్ట్రీషియన్ని. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలించుకుందో ఇప్పటికీ తేలలేదు గానీ, అప్పట్నుంచీ నా చేతిలో పెన్ను బదులు టెస్టరే ఉంది. దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. లైటు దానంతటదే వెలుగుతోంది, ఫ్యాను దానంతటదే తిరుగుతోంది, ఇంట్లో ఏదో ఉంది అని పిలిచినవాళ్ళ ఇళ్ళకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ప్రతిచోటా లూజు కనెక్షనే ఉంది. ఒకచోట మాత్రం ఎలుక ఉంది. దాన్ని వాళ్ళకి చూపించాక కూడా దెయ్యమే నయమన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది మా సొంతింట్లో, జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో, పట్టపగలు జరిగింది. దీనికి ఎలుక దొరకలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆవిడ కుమారి, మా అమ్మ. అమ్మ శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళై జంషెడ్‌పూర్ వచ్చి నలభై ఏళ్ళు దాటింది. హిందీ అంతా అర్థమవుతుంది, మాట్లాడదు. కూరలవాడు హిందీలో ధర చెబితే తెలుగులో బేరమాడుతుంది. వాడే తెలుగు నేర్చుకున్నాడు. మా నాన్న ఇక్కడి స్టీలు కంపెనీలో పనిచేసి రిటైరై, ఏడేళ్ళ క్రితం పోయాడు.

ఊళ్ళో ఒక కాలేజీలో వైరింగు పనులు నేనే చూస్తాను. ఒకరోజు అక్కడి హిందీ మేడమ్ నన్ను ఆపి, స్పెయిన్ నుంచి ఒక అమ్మాయి వస్తోందని చెప్పింది. ఆ అమ్మాయి తన దేశంలో రెండేళ్ళు హిందీ చదివిందట. నాలుగు నెలలు ఇక్కడ ఒక కుటుంబంతో కలిసి ఉండి, మాట్లాడటం బాగా నేర్చుకోవాలి. ఆఖర్న నోటి పరీక్ష ఉంటుంది. అది పోతే ఏడాది చదువంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఇంట్లో హిందీ మాట్లాడే మంచి కుటుంబం ఏదైనా తెలుసా అని అడిగింది.

స్పెయిన్ పిల్ల మా ఇంట్లో ఉంటే వీధిలో మన రేంజి ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించాను. అంతే. "మా ఇంట్లో అందరిదీ ఫస్ట్‌క్లాస్ హిందీ మేడమ్" అని నోరు దానంతటదే అనేసింది.

అమ్మాయి పేరు మార్తా. ఇరవై ఒక్క ఏళ్ళు. పేరు వినగానే మా అమ్మ భయపడింది. హిందీలో ఆ మాటకి కొట్టడమని అర్థం కదా.

"ఓలమ్మ, ఎవుల్ని కొడతాదిరా?"

"నిన్ను కాదులే."

"అయితే రమ్మను."

మార్తా వచ్చిన రెండో రోజే నోటుబుక్కు తీసుకుని నా దగ్గరికొచ్చి, మీ ఇంట్లో మాట్లాడే హిందీ మా పుస్తకంలో లేదేమిటని అడిగింది. నేను తడుముకోలేదు. ఇది జార్ఖండ్ హిందీ అమ్మా, పుస్తకాల్లోకి ఇంకా ఎక్కలేదు అన్నాను. పాపం, ఆ మాట కూడా రాసుకుంది.

వాళ్ళ భాషలో కూడా మాటలు మనలాగే అచ్చులతో ముగుస్తాయట. అందుకేనేమో తెలుగు దానికి ఇట్టే పట్టుబడింది. నెలన్నరకల్లా "అమ్మా, బేగి రా, సారు సల్లారిపోతంది" అని వంటింట్లోంచి కేకేసేది. మా అమ్మ మురిసిపోయి దాన్ని మార్తమ్మని చేసింది. తోడికోడలు కూతురికి కూడా అంత ప్రేమగా అన్నం పెట్టలేదు.

ఆ తర్వాత ఒకరోజు క్లాసులో మేడమ్ ఏదో అడిగితే, మార్తా లేచి నిలబడి, "నాకు తెల్దు మేడమ్, మల్లీ సెప్పండి" అంది. క్లాసులో సగం మంది టెల్కో కాలనీ తెలుగు పిల్లలు. వాళ్ళు బల్లల కిందకి జారిపోయి నవ్వారట.

మేడమ్ నన్ను పిలిపించింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ పిల్ల ఏడాది నీ చేతిలో పెట్టాను" అని మాత్రం అంది. ఇంటికొచ్చి మార్తాకి నిజం చెప్పాను. అది పకపకా నవ్వింది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకా రెండు నెలలపైనే ఉంది, ఫర్వాలేదు అంది.

మర్నాటి నుంచి ఇంట్లో హిందీ తప్ప మరో మాట వినపడకూడదని రూలు పెట్టాను. నేను ఇక్కడే పుట్టినవాణ్ణి, నాకు కష్టం లేదు. కుమారి కూడా నెట్టుకొచ్చింది. మా అమ్మ మాత్రం నోరు కుట్టేసుకుంది. ఇల్లు ఆస్పత్రిలా అయిపోయింది. మూడో రోజు భోజనాల దగ్గర గిన్నె నేలకేసి కొట్టింది.

"ఒరే, నా ఇంట్లో నాను ఉప్పు కావాలంటే సైగలు సెయ్యాలేట్రా?"

రూలు అక్కడితో పోయింది. అందరం యథాప్రకారం తెలుగులోకి జారిపోయాం.

చిత్రమేమిటంటే, మార్తా హిందీ మాత్రం రోజురోజుకీ బాగుపడింది. ఎక్కడా ఆగకుండా గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. నా జోకుల వల్లేనని నేనూ, తను చూసే సీరియళ్ళ వల్లేనని కుమారీ ఎవరికి వాళ్ళం ఛాతీ విరుచుకున్నాం.

పరీక్ష ఇంకో మూడు వారాలుందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం మార్తా స్నానం చేసి వంటింట్లోకొచ్చి పీట వాల్చుకుంది.

"మాజీ, బహుత్ భూఖ్ డాల్ రహా హై."

నేను పడీపడీ నవ్వాను. ఎందుకో చెప్పాలి. హిందీలో ఆకలి 'లగ్‌తీ' హై. డాల్నా అంటే వెయ్యడం, పొయ్యడం. కూరలో ఉప్పు వేస్తారు, ఆకలి వెయ్యరు. మనకైతే ఆకలేస్తుంది, చలేస్తుంది, భయమేస్తుంది. తెలుగు మాటని అలాగే ఎత్తి హిందీలో పోసి, భూఖ్ డాల్తా, ఠండ్ డాల్తా, డర్ డాలా అని మాట్లాడిన మనిషిని నేను జంషెడ్‌పూర్ మొత్తంలో ఒక్కణ్ణే చూశాను. మా నాన్న. డిపార్టుమెంటులో ఆయన పేరే డాల్తాబాబు. ఎంతమంది నవ్వినా మార్చుకోలేదు. "అర్థమైందా లేదా? అయింది కదా. మరింకేటి?" అనేవాడు.

నవ్వు ఆపి చూస్తే మా అమ్మ అన్నం వార్చడం మానేసి నిలబడిపోయి ఉంది.

ఈ మాట ఎవరు నేర్పారని అడిగాను. ఫోనులో అంకుల్ అంది మార్తా. ఏ ఫోను? ముందుగదిలో మూల స్టూలు మీద, అమ్మ అల్లిన లేసుగుడ్డ కింద ఉన్న ఎర్ర ల్యాండ్‌లైను.

మార్తా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. కాలేజీలో గొడవైన వారం నుంచి, పొద్దున్న పదకొండు గంటలకి ఆ ఫోను మోగుతోంది. ఆదివారాలు మోగదు. ఆ వేళకి నేను పనిమీద ఉంటాను, కుమారి టైలరింగు షాపులో ఉంటుంది, అమ్మ కూరలకి వెళ్తుంది. మార్తా క్లాసులు మధ్యాహ్నం రెండింటికి. అవతల ఒక పెద్దాయన. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఆజ్ క్యా సబ్జీ?" ఈరోజు ఏం కూర అని. మార్తా కూర పేరు చెబుతుంది. తర్వాత ఆయన వాన గురించో, సైకిలు గొలుసు గురించో, క్యాంటీన్ పప్పులో నీళ్ళ గురించో అరగంట మాట్లాడతాడు. దీనిచేత మాట్లాడిస్తాడు.

"నా ప్రాక్టీసుకని మీరే ఎవరికో చెప్పి ఏర్పాటు చేశారనుకున్నాను. చాలా థాంక్స్" అంది.

నాన్న పోయాక ఆ కనెక్షను సరెండర్ చేసింది నేనే. గోడలోంచి వైరు పీకింది నేనే. ఆ వైరు గట్టిగా ఉందని మా అమ్మ పెరట్లో బట్టలారేసే తీగగా కట్టించుకుంది. ఏడేళ్ళుగా దాని మీద మా లుంగీలు ఆరుతున్నాయి. అయినా సరే, ఫోను విప్పి చూశాను. లోపల దుమ్ము, రెండు బల్లిగుడ్ల పెంకులు. సెట్టు వెనక జానెడు వైరు తోక తప్ప ఇంకేమీ లేదు.

చదువుకున్నది కుమారి. అది తేల్చేసింది. "ఆకలేత్తందనే మాట ఆ పిల్లకి ముందు తెలుగులో వచ్చింది కదండీ. మీ నాన్నలాగే అదీ హిందీలోకి ఎత్తిపోసుకుంది. ఒక్కర్తీ ఇంట్లో కూచుని, తనలో తను మాటాడుకుని, ఎవరో ఉన్నారనుకుంటంది." నాకు ఇది నచ్చింది. లూజు కనెక్షను దొరికినంత హాయిగా అనిపించింది.

అప్పుడు మా అమ్మ నోరు విప్పింది.

"పదకొండు గంటలకి సేసేవోడు మీ నాన్న. ఏటి కూరని అడగడానికి."

ఈ సంగతి నాకు తెలియదు. ఆ వేళకి నేను బడిలో ఉండేవాణ్ణి, లేదా ఉన్నానని ఇంట్లో అనుకునేవాళ్ళు. నాన్న కంపెనీలో హాజరు వేసే టైమ్ ఆఫీసు ఫోను నుంచి చేసేవాడట. అక్కడి గుమాస్తాకి తెలుగు వినిపిస్తే అనుమానం, వీళ్ళేదో గూడుపుఠాణీ చేస్తున్నారని. అందుకని నాన్న పెళ్ళాంతో హిందీలో మాట్లాడేవాడు. అమ్మ తెలుగులో జవాబిచ్చేది. ఎండునెత్తళ్ళ కూరైతే, ఆ చిన్న ఎండుచేపలంటే ఆయనకి ప్రాణం, సైకిలేసుకుని ఇంటికొచ్చేసేవాడు. కాకపోతే క్యాంటీన్.

"నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"అదేటి సెప్పుకునే మాటేట్రా, మొగుడు కూరడిగేడని?"

మా అమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమెకి కోపం వచ్చింది.

"ఏడేళ్ళు! ఏడేళ్ళలో నాకొక్క ఫోను సెయ్యనేదు. ఈ గుంటకి రోజూ సేత్తాడా? అరగంటా? నాతో రెండు నిమిసాలు మాటాడితే బిల్లయిపోద్దనేవోడు!"

సోమవారం ఆమె కూరలకి వెళ్ళలేదు. పదింటి నుంచే జుట్టు దువ్వుకుని స్టూలు పక్కన కుర్చీ వేసుకుంది. ఫోను మోగలేదు. మంగళవారం మోగలేదు. బుధవారం, గురువారం మోగలేదు. నేను లోలోపల సంతోషించాను. మార్తా మాత్రం పుస్తకం ముందేసుకుని దిగాలుగా ఉంది. నాలుగు రోజులు మాట్లాడే మనిషి లేకపోయేసరికి దాని హిందీ మళ్ళీ కుంటడం మొదలైంది. కాలేజీలో పెట్టిన ట్రయల్ పరీక్షలో మధ్యలో ఆగిపోయి తెల్లమొహం వేసిందట.

శుక్రవారం పొద్దున్న మా అమ్మ సంచి తీసుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"నానుంటే సెయ్యడు. ఆ గుంటకి పరీక్ష ఉంది. నానెల్లిపోతాను."

గుమ్మం దిగబోతూ వెనక్కి తిరిగింది. "మార్తమ్మా, ఇయ్యాల ఎండునెత్తళ్ళని సెప్పు. ఇంకో మాట. ఆ డాల్తా అనడం మానమను. నీ పరీక్ష పోతాది."

మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి ఇద్దరూ వంటింట్లో ఉన్నారు.

"సేసేడా?"

"చేశారు."

"డాల్తా సంగతి సెప్పేవా?"

"చెప్పాను. నవ్వారు."

"నవ్వుతాడు. మరి మార్చుకుంటానన్నాడా?"

"లేదమ్మా. అర్థమైందా లేదా అన్నారు."

అది విని నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట మార్తాతో మేమెవరమైనా ఎప్పుడైనా అన్నామా అని ఇప్పటికీ గుర్తుచేసుకుంటూనే ఉన్నాను.

ఆ మర్నాడు, శనివారం, పనికి వెళ్తున్నానని చెప్పి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చాను. పదకొండుకి ఐదు నిమిషాలుంది. గాలి లేదు. తీగ మీద రెండు తువ్వాళ్ళు, మా అమ్మ చీర. ఆ తీగ ఒక చివర గోడ మేకుకి, ఇంకో చివర ఇనప స్తంభానికి చుట్టి ఉంది. దేనికీ తగలని రెండు రాగి మొనలు ఆ స్తంభం దగ్గర బయటికి పొడుచుకుని ఉంటాయి. ఎందుకో తెలియదు, వాటిని వేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని నిలబడ్డాను. అలవాటు అనుకోండి.

ల్యాండ్‌లైను పని చేసినవాళ్ళకి ఒకటి తెలుసు. ఫోను మోగేటప్పుడు వైరు మొన పట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతుంది. ఇంట్లో కరెంటు షాకులా ఉండదది. రెండు చిన్న కుదుపులు, కాసేపు ఆగి మళ్ళీ రెండు. చెయ్యి ఒకసారి నేర్చుకుంటే మర్చిపోదు.

రెండు కుదుపులు. ఆగింది. రెండు కుదుపులు. ఆగింది. మళ్ళీ రెండు.

గంట మాత్రం నాకు వినపడలేదు. లోపల్నుంచి మార్తా గొంతు వినపడింది. "హలో. జీ అంకుల్." నా వేళ్ళలో చిమచిమ ఆగిపోయింది.

నేను చేసింది ఒక్కటే. తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, చప్పుడు కాకుండా పనికి వెళ్ళిపోయాను. ఇంట్లో చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆఖరి రోజుల్లో నేనూ కుమారీ కలిసి మార్తా నోట్లోంచి ఆ డాల్తాని వదిలించడానికి నానా తిప్పలూ పడ్డాం. అన్నప్పుడల్లా పచ్చికాకరకాయ ముక్క తినాలని పందెం. మార్తా నవ్వుతూ తినేసేది. మా అమ్మే ఎక్కువ పట్టుబట్టింది. ఆయన మాట ఆయనకుంటాది, పిల్ల ఏడాది పిల్లకి కావాలి అంది.

పరీక్ష రోజు కాలేజీలో నాకు పనేమీ లేదు. అయినా నిచ్చెన పట్టుకెళ్ళి, ఆ గది బయట వరండాలో బాగానే ఉన్న ట్యూబులైటు విప్పాను.

లోపల మేడమూ, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయనా ఉన్నారు. మార్తా చక్కగా మాట్లాడుతోంది. ఈ ఊరికి వచ్చిన మొదటి రోజు ఎలా అనిపించిందని పెద్దాయన అడిగాడు.

"ముఝే బహుత్ డర్ డాలా."

డాలా కాదు, లగా అనాలి, ఎందుకలా అన్నావని పెద్దాయన గొంతు. అయిపోయింది, ఏడాది పోయింది అనుకున్నాను.

మార్తా హిందీలోనే జవాబు చెప్పింది. తప్పని తెలుసండీ. కానీ నేనున్న ఇంట్లో భయం వస్తుందనరు, వేస్తుందంటారు. ఆకలి కూడా వేస్తుందంటారు. కంచంలో అన్నం వెయ్యడానికీ అదే మాట. ఆకలి వేసినా అన్నం వేసినా ఎవరో మనిషి చేత్తో వేసినట్టే ఉంటుంది. మా భాషలో అలా లేదు, మీ భాషలో లేదు. నాకు ఈ తప్పు మీద ప్రేమ, అందుకే నోట్లోంచి పోవడం లేదు. ఒక్కసారి కూడా ఆగకుండా ఇంతా చెప్పింది.

పెద్దాయన నవ్వాడు. ఇంత హిందీలో తప్పుని సమర్థించుకున్నావంటే నీకు హిందీ వచ్చినట్టే అన్నాడు. నేను ట్యూబులైటు మళ్ళీ పెట్టడం మర్చిపోయి ఇంటికి వచ్చేశాను. మేడమ్ ఫోను చేసి ఒకేసారి రెండూ చెప్పింది, మార్తా పాసైందనీ, వరండా చీకటిగా ఉందనీ.

వెళ్ళేముందు రోజు మార్తా ఆయనకి చెప్పిందట, రేపు వెళ్ళిపోతున్నానని. తినేసి వెళ్ళు అన్నాడట. మా అమ్మ దానికి తినిపించే పంపింది.

మార్తా ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ఉంది. వీడియో కాల్‌లో నాతో హిందీ, అమ్మతో తెలుగు. ఎవరైనా దాన్ని ఆట పట్టించారా, పిల్లే మమ్మల్ని ఆట పట్టించిందా అని అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. అందర్నీ ఆట పట్టించేది నేను, నన్ను ఆట పట్టించేవాళ్ళు ఈ ఇంట్లో లేరు. కుమారి చెప్పిన లెక్క సగానికి సరిపోతుంది. కూర సంగతికి సరిపోదు. నా వేళ్ళకి అసలే సరిపోదు. ఆ తీగని మీటరు పెట్టి ఎన్నిసార్లు చూశానో. సున్నా.

మా అమ్మ కూరలకి వెళ్ళే వేళ మార్చుకుంది. పదకొండు గంటలకి ఫోను పక్కనే కూచుని నెత్తళ్ళ తలలు తుంపుతూ ఉంటుంది. ఇంతవరకు మోగలేదు. నాకే జాలేసి, పోనీ ఆ కనెక్షను మళ్ళీ పెట్టించనా అని మొన్న అడిగాను.

"వద్దురా. కనెక్సనెడితే అడ్డమైనోళ్ళందరూ సేత్తారు. లైను కాళీగా ఉండాలి."